అప్‌డేట్: ప్రాసెస్‌ల మెమరీ మొత్తం ర్యామ్‌ను మించడానికి కారణం తెలిసింది

లినక్స్‌లో నడుస్తున్న ప్రోగ్రాముల (ప్రాసెస్‌ల) జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్ చూపే ఆర్‌ఎస్‌ఎస్ (ఒక్కో ప్రాసెస్‌కు ర్యామ్‌లో ఉన్న మెమరీ) విలువలన్నీ కూడితే ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ ఎందుకు వస్తోందని అడిగాను. మీరు సూచించినట్లు పరిశీలించగా, చాలా ప్రోగ్రాములు వాడే సీ లైబ్రరీ వంటి వాటి ఉమ్మడి పేజీలను (మెమరీని విభజించే చిన్న భాగాలను) ఆర్‌ఎస్‌ఎస్ ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా లెక్కిస్తుందని, పీఎస్‌ఎస్ అనే మరో కొలత మాత్రం వాటిని పంచుకునే ప్రాసెస్‌ల సంఖ్యతో భాగిస్తుందని స్పష్టమైంది. అంటే నాలుగు ప్రాసెస్‌లు పంచుకునే 4 కేబీ పేజీ మొదటి లెక్కలో 16 కేబీగా, రెండో లెక్కలో 4 కేబీగానే తేలుతుంది. పీఎస్‌ఎస్‌తో కూడినప్పుడు మొత్తం ర్యామ్ పరిధిలోకి వచ్చింది.

ప్రాక్ డైరెక్టరీలో ప్రాసెస్ నంబరు కింద ఉండే స్మాప్స్_రోలప్ ఫైల్ (లినక్స్ 4.14 నుంచి ఉంది) ఈ పీఎస్‌ఎస్ విలువను నేరుగా ఇస్తుంది. అది డిస్కుపై ఉండదు. చదివిన ప్రతిసారీ కెర్నల్ (లినక్స్ మూల భాగం) పేజీ టేబుళ్లను, అంటే ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికలను పరిశీలించి అంకెలను అప్పటికప్పుడు సిద్ధం చేస్తుంది కాబట్టి, దానిని సెకనుకోసారి చదవడం సరికాదని నా అభిప్రాయం. ఇతర యూజర్ల ప్రాసెస్‌ల విషయంలో ఈ ఫైల్ చదవడానికి సాధారణంగా రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.