రైఫిల్ బండిలో పెట్టి ఆఫీసుకెళ్లొచ్చా? (టెక్సస్)

ఫ్రిస్కో_నాన్న

అందరికీ నమస్కారం. నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ మొదలవుతుంది. లానో దగ్గర నలుగురు మిత్రులం కలిసి వేటకు ఒక పొలం లీజుకు తీసుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ప్లేనో ఆఫీసు నుంచి అటే తిన్నగా బయల్దేరాలని నా ప్లాన్. అంటే పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా నా .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఆఫీసు పార్కింగ్‌లో, వ్యాన్ వెనకాల ఉంటుంది. గ్రీన్ కార్డ్ వచ్చి మూడేళ్లయింది కాబట్టి నాకు అర్హత ఉందా లేదా అన్న గొడవ లేదు.

మా ఆవిడ మాత్రం "తాళమేసిన ఇంటినే నమ్మలేం, గాజు కిటికీల బండిని నమ్ముతావా" అంటోంది. చట్టం ఒప్పుకుంటుందనే నా నమ్మకం. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన చేసేయొచ్చా అన్నదే తేలడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

లోన్‌స్టార్_రెడ్డి

ఇందులో చర్చకేముంది అన్నా. 2011లోనే టెక్సస్ లేబర్ కోడ్‌లో చేర్చారు. చట్టప్రకారం తుపాకీ ఉన్న ఉద్యోగి దాన్ని తాళం వేసిన సొంత బండిలో, కంపెనీ ఇచ్చిన పార్కింగ్‌లో ఉంచుకుంటే కంపెనీ వద్దనడానికి వీల్లేదు. రైఫిల్‌కి ఇక్కడ లైసెన్సూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. నేను పన్నెండేళ్లుగా ట్రక్కు వెనక సీటు కింద ఒకటి ఉంచుతున్నా. మా పక్క రాంచ్ పెద్దాయనైతే హైస్కూలు రోజుల్లో వెనక అద్దం దగ్గర ర్యాకులో రైఫిల్ పెట్టుకునే బడికెళ్లేవాడట. వదినకు ఈ మాట చెప్పు.

చిన్నక్షరాలు

రెడ్డి గారు చెప్పిన సెక్షన్ నిజమే, కాకపోతే అందులో ఒక్కో మాటా చూడాలి. "ఉద్యోగి" అంది. మనలో చాలామంది కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండి క్లయింట్ ఆఫీసులో కూర్చునేవాళ్లం. మరి క్లయింట్ మనకు యజమాని అవుతాడా? ఆ సంగతి లాయర్లు తేల్చేలోపు మన బ్యాడ్జి పోతుంది. "యజమాని ఉద్యోగులకు ఇచ్చే పార్కింగ్" అంది. పక్క బిల్డింగ్ వాళ్ల గరాజ్‌లో డబ్బు కట్టి పెట్టుకుంటే అది వేరే కథ. కంపెనీ కారు తోలేవాళ్లకు మామూలుగా ఈ రక్షణ వర్తించదు.

అది సరే, ఫ్రిస్కో_నాన్న గారూ, ఆ శుక్రవారం పాపను బడిలో దింపేది ఎవరు?

ఫ్రిస్కో_నాన్న

నేనే. ఏడున్నరకు. ఏం?

చిన్నక్షరాలు

ఏమంటే, 1990 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది, బడి పరిసరాల్లో తుపాకీ ఉండకూడదని. 1995లో లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కేసు పుట్టింది కూడా మన టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో. మరుసటి ఏడాదే కాంగ్రెస్ మాటలు మార్చి మళ్లీ తెచ్చింది, ఇప్పటికీ ఉంది. బడి ఆవరణ నుంచి 1000 అడుగుల లోపు దీని కిందికే వస్తుంది. మనం పిల్లల్ని దింపే లైను పూర్తిగా ఆ హద్దులోనే ఉంటుంది.

మినహాయింపు లేకపోలేదు. రైఫిల్‌లో తూటా ఉండకూడదు, తాళమేసిన పెట్టెలో గానీ బండికి బిగించిన తాళం ర్యాకులో గానీ ఉండాలి. రాష్ట్రం ఇచ్చిన క్యారీ లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇంకో మినహాయింపు. మనవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు కదా, ఇంకెందుకా కార్డు అని రెన్యూ చేయించడం మానేశారు. కార్డు లేకపోతే ఆ రెండో మినహాయింపూ లేదు. అప్పుడు తాళం పెట్టె ఒక్కటే దిక్కు. రెడ్డి గారి సీటు కింద రైఫిల్‌కి తాళం ఉందా మరి?

లోన్‌స్టార్_రెడ్డి

నాకు కార్డుంది సార్. తాళం లేదు. ఆపదలో పనికిరావాలంటే తాళాలు వెతుక్కుంటూ కూర్చోలేం కదా.

మెకిన్నీ_అక్క

రెడ్డి గారూ, పన్నెండేళ్లలో ఆ ఆపద ఎన్నిసార్లు వచ్చింది? ట్రక్కును కార్ వాష్‌లో ఎన్నిసార్లు ఇచ్చారు?

మాది మినీవ్యాన్. మా ఆయన పెట్టెను వెనక పెట్టి, పైన దుప్పటి కప్పి, మర్చిపోయారు. నేను ఆదివారం కార్ వాష్‌కి తీసుకెళ్లా. వాక్యూమ్ పట్టే కుర్రాడు దుప్పటి లాగి, నా వైపు చూసి, మళ్లీ కప్పి, "మేడమ్, ఇది తీసి పక్కన పెట్టమంటారా" అని అడిగాడు. అప్పటిదాకా అది బండిలో ఉందని నాకే తెలియదు. వెనక సీట్లో ఎనిమిదేళ్ల మా వాడు. పెట్టెకు తాళం ఉంది కాబట్టి బతికిపోయాం.

టెక్సస్ చట్టంలో 17 ఏళ్ల లోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ చేతికందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే నేరం. పిల్లల చేతిలో పేలి ఎవరికైనా తీవ్రమైన గాయమైతే శిక్ష పెరుగుతుంది. చట్టంలో ఇల్లు, బండి అని తేడా లేదు. సర్వీస్ సెంటర్, వ్యాలే పార్కింగ్, చుట్టాలు వస్తే ఎయిర్‌పోర్ట్ పికప్. మన బండి తాళం రోజూ ఎంతమంది చేతులు మారుతుందో ఒకసారి లెక్కేసుకోండి.

వాకో_బావ

నా సంగతి చెప్తా, నవ్వుకోండి. మూడేళ్ల కింద వేటకు పోతూ దారిలో ఒక మోటెల్‌లో రాత్రి ఆగాం. పెట్టె బరువు, చలి, మెట్లు. "తెల్లారి నాలుగింటికి లేవాలి, ఇక్కడే ఉండనీ" అన్నా. పొద్దున వచ్చి చూస్తే వెనక అద్దం చిన్న చిన్న పలుకులై సీటు నిండా ఉంది. పెట్టె లేదు. తాళం ఉంది, మంచి తాళమే. పెట్టెతో సహా ఎత్తుకుపోతే తాళం ఏం చేస్తుంది? అద్దం మీద వేట కంపెనీ స్టిక్కర్ ఒకటి అంటించుకున్నా, అదొక ఆహ్వాన పత్రిక.

అసలు సిగ్గుపడింది తర్వాత. పోలీసాయన నోట్‌బుక్ తీసి "సీరియల్ నంబర్?" అన్నాడు. నా దగ్గర లేదు. బిల్లు ఎక్కడుందో తెలియదు. ఆ నంబర్ ఉంటేనే దొంగసొత్తు జాబితాలోకి ఎక్కుతుంది, రేపు ఎక్కడైనా దొరికితే నాదని తెలుస్తుంది. కొన్న షాపు వాళ్ల రికార్డులో దొరికేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ టీవీలో ఎక్కడ కాల్పులన్నా గుండె జారేది. ఇప్పటికీ దొరకలేదు.

ఇప్పుడు రెండు మార్చుకున్నా. ఉక్కు తీగతో పెట్టెను సీటు కింది ఇనుప చట్రానికి కట్టేస్తా. రాత్రయితే ఎంత బరువైనా గదిలోకి తెస్తా.

మెకిన్నీ_అక్క

2015లో శాన్ ఫ్రాన్సిస్కో పియర్ మీద తూటా తగిలి ఒక అమ్మాయి చనిపోయింది, దేశమంతా గొడవైంది గుర్తుందా? అందరూ వలసల గురించే మాట్లాడారు. ఆ పిస్టల్ అంతకు కొద్ది రోజుల ముందు ఒక ఫెడరల్ ఉద్యోగి పార్క్ చేసిన కారులోంచి పోయింది. శిక్షణ ఉన్న ఉద్యోగి బండి గతే అది.

లోన్‌స్టార్_రెడ్డి

అక్కా, అది పిస్టల్, లాక్కెళ్లి జేబులో పెట్టుకునేది. ఇక్కడ మాట్లాడేది మూడున్నర అడుగుల రైఫిల్. పైగా బావగారిది రాత్రి, మోటెల్. అన్నది పట్టపగలు, ఆరు గంటలు, కెమెరాలున్న పార్కింగ్. రెండూ ఒక గాటన కట్టేస్తే ఎలా? ఇంట్లో దొంగలు పడితే ఇల్లు వదిలేస్తామా?

చిన్నక్షరాలు

పగలూ రాత్రీ ఒకటి కాదు, ఆ మాట ఒప్పుకుంటా. రాష్ట్రాలు మాత్రం అటే నడుస్తున్నాయి. కొలరాడోలో 2025 నుంచి, మనిషి లేని బండిలో పిస్టల్ వదిలితే బయటికి కనపడకుండా, తాళమేసిన గట్టి పెట్టెలో ఉండాలి. రైఫిల్‌కి కొంచెం సడలింపు ఉంది కానీ దానికీ తాళమేసిన సంచో పెట్టో తప్పదు. ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు అటు వెళ్లేవాళ్లు గమనించండి.

రాష్ట్రాలు దాటేటప్పుడు కాపాడేది 1986 ఫెడరల్ చట్టం. బయల్దేరిన చోటా చేరే చోటా అది మీ దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. రైఫిల్ ఖాళీగా ఉండాలి, అదీ తూటాలూ కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. విడిగా డిక్కీ లేని బండైతే తాళం పెట్టెలో పెట్టాలి. డ్యాష్‌బోర్డు అర, సీట్ల మధ్య అర లెక్కలోకి రావు. మన వ్యాన్లూ ఎస్‌యూవీలూ అన్నీ డిక్కీ లేని బళ్లే. వెనక తలుపు తాళం పెట్టె తాళం కాదు.

టెస్లా_తాత

ముందు డిక్కీ ఉన్నవాళ్ల సంగతేంటి? అది విడి అరే కదా!

చిన్నక్షరాలు

తాతగారూ, విడి అరే. మీ రైఫిల్ అందులో పడితే నాకో ఫొటో పెట్టండి.

క్యూలో_పదేళ్లు

నేను హెచ్1బి. మిత్రులతో కలిసి అడవి పందుల వేటకు పోదామనుకుంటున్నా. ప్రైవేటు పొలంలో పందులకు హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదని 2019లో మార్చారు కదా. రైఫిల్ ఫ్రెండ్‌ది, నా కారులో తీసుకెళ్తే పర్వాలేదా?

చిన్నక్షరాలు

తమ్ముడూ, ఆగు. పర్వాలేదు అని ఎవరైనా చెప్తే వినకు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. కొనడం అక్కర్లేదు, నీ అధీనంలో ఉంటే చాలు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్ కార్డ్ ఆశ సంగతి సరేసరి, దేశం నుంచి పంపించేయడానికీ అది ఒక కారణం.

మనవాళ్లకు అక్కరకొచ్చే మినహాయింపు ఒకటే, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. పందులకు టెక్సస్ లైసెన్స్ అడగదు, కానీ నీకు ఫెడరల్ మినహాయింపు దొరికేది ఆ కాగితంతోనే. పందికి అక్కర్లేకపోయినా నీకు కావాలి. టెక్సస్ నివాసికి 25 డాలర్లు. ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న పాత కాగితంతో రైఫిల్ బండిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా మళ్లీ నేరమే. నువ్వైతే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఆ కారు స్టార్ట్ చేయకు.

క్యూలో_పదేళ్లు

బాబోయ్. నేను బిర్యానీ మోసుకొస్తా, రైఫిల్ మీరే మోసుకోండి.

కరీంనగర్_మనవడు

చదువుతుంటే మా తాత డబుల్ బ్యారెల్ గుర్తొచ్చింది. లైసెన్స్ పుస్తకం ట్రంకు పెట్టెలో పట్టుపంచెల కింద ఉండేది. ఎన్నికలొస్తే చాలు, తుపాకీని గుడ్డలో చుట్టి, బస్సులో పక్కన పెట్టుకుని స్టేషన్‌కి పోయి డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. దారిలో టీ తాగడానికి కూడా దిగేవాడు కాదు. మనకు బండ్లొచ్చాయి, దిగిపోవడం అలవాటైంది.

వాకో_బావ

అదీ మాట. తాతకు నా తరఫున దండం.

ఫ్రిస్కో అన్నా, తప్పదనుకుంటే నేను చేసేది చెప్తా. ఇంట్లోనే రైఫిల్ ఖాళీ చేసి, తూటా కూర్చునే చాంబర్‌లో చిటికెన వేలు పెట్టి తడిమి చూస్తా. కంటికి ఖాళీ అనిపించింది ఒకసారి వేలికి తగిలింది, అప్పట్నుంచి కన్నును నమ్మను. తూటాను లోపలికి తోసి మూసే బోల్ట్‌ను ఊడదీసి చిన్న సంచిలో పెట్టి, ఆ సంచి ఆఫీసు బ్యాగులో నాతో లోపలికి తీసుకుపోతా. తూటాలు వేరే డబ్బాలో. బోల్ట్ లేని రైఫిల్ దొంగకు దొరికినా అప్పటికప్పుడు పేల్చలేడు. పెట్టెను ఇంటి గరాజ్‌లోనే సర్దాలి. పార్కింగ్‌లో తలుపు తెరిచి సర్దితే చూడాల్సినవాడు చూస్తాడు.

మెకిన్నీ_అక్క

బోల్ట్ ఆఫీసు లోపలికా? సెక్యూరిటీ బ్యాగ్ చెక్ చేసే చోట అదొక కొత్త తలనొప్పి. లోపలికి ఏం తేవచ్చో కంపెనీ చెప్పొచ్చు, పార్కింగ్ చట్టం తలుపు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో సేఫ్‌లో పెట్టి, సాయంత్రం వెనక్కొచ్చి తీసుకెళ్లండి అన్నయ్యా. గంట పోతుంది, అంతే.

లోన్‌స్టార్_రెడ్డి

శుక్రవారం మూడింటికి ప్లేనో నుంచి ఫ్రిస్కో వెనక్కొచ్చి, మళ్లీ డాలస్ దాటి లానో! అక్కా, గంట అంటున్నారు, ఎప్పుడైనా ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారా? రెండు గంటలు ఆలస్యమై నిద్రమత్తులో రాత్రి హైవే మీద నడపడం కూడా ప్రమాదమే. దాన్ని ఎవరూ లెక్కేయరు.

ఫ్రిస్కో_నాన్న

అందరికీ థాంక్స్. బడి దగ్గర 1000 అడుగుల సంగతి నిజంగా నాకు తెలియదు, ఇన్నాళ్లూ షూటింగ్ రేంజ్‌కి పోయే రోజుల్లో మెత్తటి సంచిలో పెట్టుకుని అదే లైనులో నిలబడ్డా. తలుచుకుంటే ఇప్పుడు చెమట పడుతోంది.

రెడ్డి చెప్పిన ట్రాఫిక్ అబద్ధం కాదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఇంటి నుంచి పనిచేస్తానని మేనేజర్‌ని అడిగా, సరే అన్నాడు. వేట అని చెప్పలేదు, ప్లంబర్ అన్నా. సీరియల్ నంబర్ ఇప్పుడే ఫొటో తీసి మా ఆవిడకు పంపా. "ఇదేంటి, లాటరీ నంబరా" అంది.

ఒక్క సందేహం. పెట్టె 50 అంగుళాలు. వ్యాన్ మూడో వరస మడిస్తే అడ్డంగా పడుతుందా?

మెకిన్నీ_అక్క

మాకు అడ్డంగా పడలేదు. ఐమూలగా పడుతుంది. స్ట్రోలర్ తీసేయాలి.