మన పన్ను డబ్బుతో అమెరికన్ పెయింటింగ్స్‌ను ఊరూరా తిప్పడం అవసరమా?

న్యూజెర్సీ సుబ్బు:
నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అని వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. 1965లో పెట్టారు. మ్యూజియాలు ఊరూరా తిప్పే ఎగ్జిబిషన్లకు కూడా గ్రాంట్లు ఇస్తుంది. బొమ్మలు చూడాలనుకున్నవాడు టికెట్ కొనుక్కుని చూస్తాడు కదా, మధ్యలో నా జీతంలో కోత దేనికి? ఈ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. 1946లో విదేశాంగ శాఖ 49 వేల డాలర్లు పోసి 79 ఆయిల్ పెయింటింగ్స్ కొని, ‘అడ్వాన్సింగ్ అమెరికన్ ఆర్ట్’ అని పేరు పెట్టి కొన్నిటిని ప్రాగ్ వైపు, కొన్నిటిని క్యూబా, హైతీ వైపు పంపింది. ఇవి మీ డబ్బుతో కొన్న బొమ్మలేనని ‘లుక్’ పత్రిక వేసింది. గొడవ పెద్దదై, 1947లో విదేశాంగ మంత్రి మార్షల్ టూర్ ఆపేసి అన్నీ వెనక్కి రప్పించాడు. అయినా బుద్ధి రాలేదు.

ఆబర్న్ శీను:
సుబ్బు అన్నా, సగం కథే చెప్పారు. 1948లో వాటిని యుద్ధంలో మిగిలిన సామాను కింద అమ్మేశారు. అలబామాలో మా ఆబర్న్ కాలేజీ 1,072 డాలర్లకు 36 బొమ్మలు కొనుక్కుంది. ఓక్లహోమా యూనివర్సిటీకి ఇంకో 36 వెళ్లాయి. నేను ఆబర్న్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు మా కాలేజీ మ్యూజియంలో బెన్ షాన్ గీసిన ‘హంగర్’ చూశాను. బక్కచిక్కిన కుర్రాడు చెయ్యి చాచి నిలబడి ఉంటాడు. నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు, అయినా అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఆ డబ్బు దండగైందని నేనైతే ఒప్పుకోను.

లెక్కల మాస్టారు:
1,072ను 36తో భాగిస్తే ఒక్కోటి 30 డాలర్లు కూడా కాదు. అది అసలు ధర కాదు. విద్యాసంస్థలకు 95 శాతం తగ్గింపు ఇచ్చారు. ఆ సంగతి చెప్పకుండా వాదిస్తే ఎలా?

రాజమండ్రి కుర్రోడు:
పేరున్న చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ పెయింటింగ్ ఓక్లహోమాకు 50 డాలర్లకే దక్కిందట. నేను ఫర్నిచర్‌కు పోసిన డబ్బు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

గోదారి అమ్మాయి:
సుబ్బు గారూ, టికెట్ మాట తేలిగ్గా అనేశారు. ఒక పెయింటింగ్ ఊరు దాటాలంటే ప్రత్యేకంగా పెట్టె చేయించాలి, లోపల వేడి, తేమ అదుపులో ఉండే లారీ కావాలి, ఇన్సూరెన్స్ కట్టాలి. ఈ ఇన్సూరెన్స్ భారం మోయలేకే విదేశాల నుంచి వచ్చే కళాఖండాల నష్టానికి ప్రభుత్వం పూచీ పడేలా 1975లో చట్టం చేశారు. దేశంలోపల తిరిగే ఎగ్జిబిషన్లకు ఆ వెసులుబాటు 2007 చివర్లో గానీ రాలేదు. టికెట్ల మీదే నడవాలంటే మంచి బొమ్మ న్యూయార్క్, చికాగో దాటి కదలదు. పైగా ఎండోమెంట్ ఎగ్జిబిషన్‌కు గ్రాంట్ ఇస్తే మామూలుగా తీసుకున్నవాళ్లూ అంతే సొమ్ము బయట తెచ్చుకోవాలి. ఎండోమెంట్ గ్రాంట్ల నిధుల్లో 40 శాతం రాష్ట్రాలకు, ప్రాంతీయ సంస్థలకు పోతుంది. మీరు అనుకున్నట్టు వాషింగ్టన్‌లో కూర్చుని పంచేసేది కాదు.

లెక్కల మాస్టారు:
95 శాతం సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

న్యూజెర్సీ సుబ్బు:
డబ్బిచ్చినవాడు పెత్తనం చేస్తాడు అమ్మా. 1989లో రాబర్ట్ మేపుల్‌థార్ప్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటోల ఎగ్జిబిషన్ టూర్‌లో ఉండగా ఏమైంది? ఎండోమెంట్ 30 వేలు ఇచ్చింది. కొన్ని ఫొటోలు అశ్లీలమని కాంగ్రెస్‌లో గోల లేచేసరికి వాషింగ్టన్‌లోని కోర్కోరన్ గ్యాలరీ భయపడి రద్దు చేసుకుంది. మరుసటి ఏడాది గ్రాంట్లిచ్చేటప్పుడు మర్యాద కూడా చూడాలని చట్టంలో పెట్టారు. 1998లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇది కళకు మేలా?

ఆబర్న్ శీను:
అన్నా, కోపం తెచ్చుకోకండి. ఎప్పుడైనా మ్యూజియం గడప తొక్కారా? వీకెండ్ వస్తే కాస్ట్‌కో, గుడి, పాట్‌లక్. పొద్దున లేస్తే పన్ను గురించి ఏడుపు.

న్యూజెర్సీ సుబ్బు:
నా గడపల లెక్క నీకెందుకు తమ్ముడూ? విను. మా అమ్మాయి కూచిపూడి బృందం ఒక కౌంటీ గ్రాంట్‌కి అప్లై చేసింది. మూడు పేజీల వివరాలు, వీడియోలు, బడ్జెట్, అన్నీ ఇచ్చాం. ఒకే సామాజిక వర్గానికి సంబంధించిన కార్యక్రమం అని కొట్టేశారు. ఆ పిల్లలంతా ఇక్కడ పుట్టినవాళ్లే. అదే ఏడాది ఊళ్లో ఇంకో బృందం ఐరిష్ డ్యాన్సులకు తెచ్చుకుంది. అది మాత్రం అందరిదీనా?

గోదారి అమ్మాయి:
అయితే ఎవరినీ అడగకుండా పన్ను ఖర్చుపెట్టడం కాదు, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోవడం మీ బాధ. అది న్యాయమైన బాధే. అందుకే 1946 టూర్‌నే మళ్లీ చూడమంటున్నా. అప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ ఎగతాళి చేసింది కునియోషి గీసిన ‘సర్కస్ గర్ల్ రెస్టింగ్’ బొమ్మని. కునియోషి 1906లో జపాన్ నుంచి వచ్చాడు, జీవితమంతా ఇక్కడే గడిపాడు, యుద్ధంలో అమెరికా ప్రభుత్వానికి పోస్టర్లు గీశాడు. జపాన్ నుంచి వచ్చినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే చట్టం లేక శత్రుదేశస్థుడిగానే లెక్కలో ఉండిపోయాడు. 1952లో చట్టం మారింది, 1953లో పోయాడు. అలాంటి మనిషిని 1946లో అమెరికన్ కళాకారుడని చెప్పి దేశాలకు పంపింది ప్రభుత్వ డబ్బే.

న్యూజెర్సీ సుబ్బు:
పంపిందీ ప్రభుత్వమే, కొన్ని నెలల్లో వెనక్కి రప్పించి పాత సామానులా అమ్మిందీ ప్రభుత్వమే. ఎవరు అమెరికన్ అనేది కుర్చీలో ఉన్నవాడి మూడ్‌ని బట్టి మారుతుంటే, ఆ కుర్చీకి నా డబ్బు ఎందుకివ్వాలి అంటున్నా.

గోదారి అమ్మాయి:
కుర్చీ తీసేస్తే కునియోషిని ఎవరు పంపేవారో చెప్పండి. కోటీశ్వరులా? వాళ్ల మూడ్ గురించి కాంగ్రెస్‌లో ప్రశ్న కూడా వేయలేం.

రాజమండ్రి కుర్రోడు:
ఇద్దరూ ఒకే మాట అంటున్నట్టుంది నాకు.

న్యూజెర్సీ సుబ్బు:
అస్సలు కాదు.

గోదారి అమ్మాయి:
కాదు లెండి. సుబ్బు గారూ, గ్రాంట్ అప్లికేషన్లు పరిశీలించే ఎండోమెంట్ ప్యానెళ్లలో ఆర్టిస్టులు కాని మామూలు మనుషులు కూడా ఉండాలని ఆ 1990 చట్టంలోనే ఉంది. గ్రాంట్ రాలేదని వదిలేయకుండా మీలాంటివాళ్లు వెళ్లి కూర్చోవాలి.

న్యూజెర్సీ సుబ్బు:
గది నిండా వాళ్లే ఉన్నచోట నేనొక్కణ్ణీ కూర్చుంటే ఏం మారుతుంది? నాకు నమ్మకం లేదు.