అప్‌డేట్: రేటింగ్ బాగున్నా సీనియర్ మేనేజర్ ప్రమోషన్ ఎందుకు ఆగిందో తెలిసింది

రేటింగ్ బాగానే వస్తోంది, ప్రమోషన్ మాత్రం ప్రతిసారీ "వచ్చే సైకిల్లో చూద్దాం" అంటున్నారని ఇక్కడ అడిగాను కదా. ఈ ఏప్రిల్‌లో లెటర్ చేతికొచ్చింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "మీ మేనేజర్‌ని కాదు, ఆయన బాస్‌ని సూటిగా అడగండి" అన్న సలహా. డైరెక్టర్ గారు దాచకుండా చెప్పారు. ఇంజనీర్లకైతే పని చూసి గ్రేడ్ పెంచేస్తారట. మేనేజర్లకు అలా కుదరదు. పైన సీటు ఉండాలి, దానికి బడ్జెట్ ఉండాలి. నా కింద ఒక్క టీమే ఉన్నంతకాలం సీనియర్ మేనేజర్ అవసరమే లేదన్నది వాళ్ల లెక్క. పైగా కాలిబ్రేషన్ మీటింగ్‌లో (అందరి రేటింగ్‌లూ, ప్రమోషన్లూ పైవాళ్లు కూర్చుని పోల్చి తేల్చే మీటింగ్) మా మేనేజర్ తప్ప నా పని తెలిసినవాళ్లు ఎవరూ లేరట. ఆయనేమో నోరు విప్పే మనిషి కాదు!

పక్క టీమ్ మేనేజర్ వెళ్లిపోగానే, ఎవరికీ అక్కర్లేని ఆ టీమ్‌ని అడిగి మరీ తీసుకున్నాను. దాంతో ఇద్దరు లీడ్స్ నాకు రిపోర్ట్ చేయడం మొదలైంది. నెలవారీ రివ్యూ కూడా మిగతా డైరెక్టర్ల ముందు నేనే ఇచ్చాను. ఈసారి కాలిబ్రేషన్ మీటింగ్‌లో నా తరఫున మాట్లాడింది ఆ డైరెక్టర్లలో ఒకరు.

పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్) సర్టిఫికెట్ ఊసే రాలేదట. బయటి ఆఫర్ చూపించే అవసరమూ పడలేదు. జీతం మాత్రం పెద్దగా పెరగలేదు, అది వేరే ఏడుపు.

ఇదే సమస్యతో వచ్చినవాళ్లకి: మా దగ్గర సీట్ల లెక్క జనవరికే తేలిపోతుంది. అప్రైజల్ ఫారం నింపేటప్పుడు అడిగితే ఆలస్యమైనట్టే.