ఠాకురాణి యాత్రలో మొక్కు వేషానికి స్పాన్సర్ టీషర్టా?

బరంపురం కోడలు:
మా బాబుకు జబ్బు చేసినప్పుడు మా ఒడిశా బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణికి మొక్కుకున్నాం, రెండేళ్లకోసారి వచ్చే యాత్రలో పులివేషం కట్టిస్తామని. ఇప్పుడు మా వీధి కమిటీ వాళ్లు, ఖర్చంతా ఒక సెల్‌ఫోన్ షాపు పెట్టుకుంటుంది, వాళ్ల పేరున్న టీషర్టు తొడిగి బాబును డీజే వెనక నడిపించండి అంటున్నారు. మా అత్తగారు అస్సలు ఒప్పుకోవడం లేదు. అమ్మవారు దేశీబెహరా వీధికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది, ఆ తల్లి ముందు షాపు పేరు మోస్తామా అని ఆవిడ బాధ. నాకూ మనసొప్పడం లేదు. కానీ రంగులకు, వేషం కట్టే మనిషికి డబ్బు కావాలి. ఏం చేయమంటారు?

నేతగాడు:
అమ్మా, అత్తగారి మాట వినండి. మొక్కు ఖర్చు మొక్కుకున్న ఇంటిదే. ఒంటికి పసుపు రంగు, నల్లచారలు చాలు. రాత్రి అమ్మవారి ఘటాలు (కలశాలు) వీధుల్లోకి వస్తుంటే మా ఇంట్లో వాకిలి కడిగి, ముగ్గు వేసి, పిల్లల్ని నిద్రలేపి నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు అదే వేళకు మైకులో ఆఫర్ల ప్రకటనలు. అమ్మవారు వచ్చిందో వెళ్లిందో ముసలివాళ్లకు వినిపించడం లేదు. నాకు చాలా కష్టంగా ఉంది.

ఛత్రపురం తమ్ముడు:
అక్కా, వ్యాపారుల చందా లేకపోతే వీధి రథాలు నిలబడవు. వాళ్ల పేరు రథం పక్కన బోర్డు మీద రాయించండి. బాబు ఒంటి మీద మాత్రం వద్దు.

బరంపురం కోడలు:
టీషర్టు వద్దని కమిటీకి చెప్పేశాను. డీజే మొదలవకముందే, పొద్దున్నే దర్శనానికి తీసుకెళ్తాం. పిల్లల ఒంటికి పడే రంగులు బరంపురంలో ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.