రక్తంలోకి ఈ-కోలి: తప్పు ఆసుపత్రిదా, మన పేగుదా?

గోదారిగట్టు:
నాన్నగారికి 68. ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 9 దాటిందని ప్రోస్టేట్ బయాప్సీ చేయించాం. మంగళవారం పొద్దున పదకొండింటికి చేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి చలి మొదలైంది. మామూలు చలి కాదు, మూడు దుప్పట్లు కప్పినా మంచం టకటకలాడింది. రాత్రికి బీపీ 80/50, ఐసీయూ. రెండు చేతుల నుంచీ రక్తం తీసి కల్చర్‌కి పంపితే మర్నాటికల్లా ఈ-కోలి అనే బ్యాక్టీరియా అన్నారు, ఇంకో రోజుకి ఈఎస్‌బీఎల్, అంటే మామూలు మందులకి లొంగని రకం అన్నారు. మొత్తం తొమ్మిది రోజులు, 3 లక్షల 10 వేలు. నాన్న ఇంటికొచ్చేశారు, అన్నం తింటున్నారు. నేను అడిగేది ఒక్కటే. "ఇది మీ నాన్నగారి పేగులో ఉన్నదే, బయటి నుంచి రాలేదు" అంటున్నాడు డాక్టర్. సూది గుచ్చింది వాళ్ళు, తప్పు మా పేగుదా?

చిరునవ్వు77:
సూదులు సరిగ్గా కడగరండి. అంతే.

ల్యాబ్‌మాష్టారు:
కడగడమేంటండీ, ఒకసారి వాడి పారేసే సూది అది. 22 ఏళ్ళుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ప్రోస్టేట్ ఉండేది పేగు చివరి భాగమైన పురీషనాళానికి ఆనుకుని. ఆ దారిన చేసే బయాప్సీలో సూది మలద్వారం లోంచి వెళ్ళి, పేగు గోడ దాటి, ప్రోస్టేట్‌లోకి దిగుతుంది. పది పన్నెండు ముక్కలు తీస్తారు, అంటే పేగు గోడకి పది పన్నెండు కన్నాలు. సూది ఎంత శుభ్రమైనదైనా దారి మాత్రం మలం ఉండే దారే. ఈ-కోలి మనందరి పేగుల్లోనూ ఉంటుంది, అక్కడున్నంతసేపు దాని పని అది చేసుకుంటుంది, రక్తంలోకి వస్తేనే గొడవ. డాక్టర్ చెప్పింది నిజమే.

బిల్లుచూడు:
మెరోపెనెం అనే పెద్ద యాంటీబయాటిక్ ఎక్కించారా? బిల్లు పెంచడానికే అది. చిన్న యాంటీబయాటిక్‌తో పోయేదే.

ల్యాబ్‌మాష్టారు:
ఈఎస్‌బీఎల్ అంటే సెఫట్రియాక్సోన్ లాంటి మందుల్ని విరిచేసే ఎంజైము. అది ఉన్న బ్యాక్టీరియా రక్తంలో ఉంటే చిన్న మందుతో పోదు. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో ఇలాంటి రోగుల్నే రెండు గుంపులు చేశారు. పైపెరాసిలిన్-టాజోబాక్టం అనే ఇంకో యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్ళలో 30 రోజుల్లో 12.3 శాతం మంది పోయారు, మెరోపెనెం ఇచ్చినవాళ్ళలో 3.7. ఆ బిల్లు మీద మాత్రం ఏడవకండి.

గోదారిగట్టు:
మాష్టారూ, దారి సంగతి అర్థమైంది. కానీ 48 గంటలు దాటాక వస్తే ఆసుపత్రి ఇన్ఫెక్షన్ అని నేనూ చదివాను. మంగళవారం 11 నుంచి గురువారం 3 వరకు లెక్కేసుకోండి, 52 గంటలు. దీనికేమంటారు?

ల్యాబ్‌మాష్టారు:
ఆ 48 గంటలు వార్డులో పడుకున్నవాళ్ళకి. అడ్మిట్ అయ్యేటప్పటికే ఒంట్లో ఉన్న జబ్బుని ఆసుపత్రి ఖాతాలో రాయకుండా ఉండటానికి పెట్టుకున్న గీత అది. మీ నాన్నగారు ఇంట్లో ఉన్నారు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

గోదారిగట్టు:
52 గంటలు, 48 కాదు. ఎందుకు పనికిరాదు?

ల్యాబ్‌మాష్టారు:
మళ్ళీ అదే. వార్డు వేరు, ఇల్లు వేరు.

గోదారిగట్టు:
ఇల్లు మా ఇల్లే, కన్నాలు వాళ్ళవి.

శిరీష_స్టాఫ్‌నర్స్:
ఇద్దరూ గడియారం వదిలేయండి బాబూ. ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో పనిచేస్తా నేను. ఆపరేషన్ చేసిన చోట చీము పడితే 30 రోజుల దాకా మా ఖాతాలోనే రాసుకుంటాం, రోగి ఇంటికెళ్ళిపోయినా సరే. కాబట్టి మాష్టారూ, "ఇంట్లో ఉన్నారు" అని కొట్టిపారేయకండి. గోదారి గారూ, మీరూ వినండి. ఎవరూ ఏ సూదీ గుచ్చకుండానే పేగులోది రక్తంలోకి వస్తుంది. మా అమ్మకి కీమో ఇస్తుండగా తెల్లకణాలు పడిపోయాయి, నోటి నుంచి కింది దాకా పొర పుండైంది, ఓ తెల్లవారుజామున 103 జ్వరం. కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. అమ్మ పేగులోదే. నేను నర్సునై ఉండి కూడా రాత్రి పదింటికి చెయ్యి వేడిగా ఉందంటే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టా. అమ్మ దక్కలేదు. అప్పుడు నేను ఎవర్ని తిట్టాలి?

చిరునవ్వు77:
సారీ అక్కా.

పెరుగన్నం:
రోజూ గడ్డపెరుగు తింటే పేగులో మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది, ఇవేవీ రావు. మా తాతకి 91.

ల్యాబ్‌మాష్టారు:
తాతగారికి బయాప్సీ చేశారా?

అసలు విషయానికి రండి. గోదారి గారూ, బయాప్సీకి ముందు ఇన్ఫెక్షన్ రాకుండా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చే ఉంటారు, రివాజు అది. అది ఎందుకు ఆపలేకపోయింది? అప్పటికే పేగులో సిప్రోకి లొంగని ఈ-కోలి ఉంది కాబట్టి. అది ఎలా చేరింది? మన ఊళ్ళలో కడుపు కాస్త జారితే చాలు, మెడికల్ షాపులో రెండు మాత్రలు కత్తిరించి ఇస్తారు. మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి ఖాళీ అయిన ఇల్లంతా ఆక్రమిస్తాయి. గత ఆరు నెలల్లో మీ నాన్నగారు ఏం మాత్రలు వాడారో చెప్పండి.

మందులషాపు_బాబాయ్:
వచ్చేశారు షాపోళ్ళ మీదకి. చీటీ తెమ్మంటే "ఏం బాబాయ్, ఇన్నాళ్ళ పరిచయం, చీటీ అడుగుతావా" అని పక్క షాపుకి పోతారు, సాయంత్రం నా ముందే ఆ కవరు ఊపుకుంటూ వెళ్తారు. 2014 నుంచి హెచ్1 రిజిస్టర్ రాస్తున్నా, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ ఇచ్చినా రోగి పేరు, డాక్టర్ పేరు ఎక్కించాలి. సరే, మాదీ తప్పుంది, ఒప్పుకుంటా. మరి కోళ్ళ సంగతో? 2019లో నిషేధించేదాకా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ కోళ్ళ మేతలో కలిపారు. మాస్టారి ల్యాబ్‌లో ఆఖరి మందు అని దాచుకునే కొలిస్టినే అది. అప్పుడు ఎవరూ చర్చ పెట్టలేదే?

గోదారిగట్టు:
మాష్టారు ముందు ఒకటి చెప్పండి, మీరు ఆసుపత్రి తరఫు మనిషా? నేను 3 లక్షలు కట్టి న్యాయం అడుగుతుంటే మా నాన్న మింగిన మాత్రలు లెక్కేస్తారేంటి?

ల్యాబ్‌మాష్టారు:
తరఫు మనిషినైతే ఈ పాటికి ఏసీ కారు ఉండేది. నా జీతం 24 వేలు. రాత్రి రెండింటికి కల్చర్ మిషన్ కూస్తే లేచి రక్తం బాటిల్ తీసి, స్లైడ్ మీద ఆ గులాబీ రంగు పుల్లల్లాంటి బ్యాక్టీరియా చూసి, ఐసీయూకి ఫోన్ చేసేది నాలాంటివాడే. మీ నాన్నగారి బాటిల్ కూడా ఎవడో అలాగే చూసుంటాడు. అడిగినదానికి జవాబు మాత్రం మీరు చెప్పలేదు.

గోదారిగట్టు:
చెప్తా. వినండి.

బయాప్సీకి మూడు వారాల ముందు మా పెదనాన్న మనవడి పెళ్ళి. భోజనాలు తిని వచ్చాక నాన్నకి విరేచనాలు. ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ స్ట్రిప్పు తెచ్చింది నేను. చీటీ లేదు. నాలుగు మాత్రలకి తగ్గిందని మిగతావి ఫ్రిజ్ మీద డబ్బాలో పెట్టా, ఇంకా అక్కడే ఉన్నాయి. సంక్రాంతికీ అంతే, అంతకుముందు వినాయక చవితికీ అంతే. ఐసీయూ బయట కూర్చుని ఫోన్‌లో చదువుతుంటే సిప్రో, ఆఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబం అని కనపడింది. అప్పటినుంచి నిద్ర లేదు. మా చెల్లికి కూడా చెప్పలేదు.

కానీ మాష్టారూ, బయాప్సీ ముందు షుగరుందా అడిగారు, రక్తం పల్చబడే మాత్ర ఆపారా అడిగారు, పళ్ళ సెట్టు తీశారా అని కూడా అడిగారు. యాంటీబయాటిక్ వాడారా అని ఒక్కళ్ళు అడగలేదు. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం మీద ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటే సంతకాలు పెట్టా. అడిగుంటే చెప్పేవాణ్ణి కదా.

శిరీష_స్టాఫ్‌నర్స్:
అడిగి ఉండాల్సింది. అందులో వాదన లేదు. అడిగితే ఏం చేయొచ్చో కూడా ఉంది: ముందే మలద్వారం దగ్గర దూదిపుల్లతో స్వాబ్ తీసి కల్చర్ పెడితే సిప్రో పనిచేయదని తెలిసిపోతుంది, వేరే మందిస్తారు. లేదా పేగు జోలికే పోకుండా వృషణాలకీ మలద్వారానికీ మధ్య చర్మం మీదుగా సూది వేస్తారు. యూరప్ యూరాలజీ సంఘం ఇప్పుడు ఆ పద్ధతే ముందు చేయమంటోంది. బ్యాక్టీరియా పేగుదే కావచ్చు, ఏ దారిన వెళ్ళాలో ఎంచుకున్నది పేగు కాదుగా.

ల్యాబ్‌మాష్టారు:
శిరీష గారూ, ఆ పద్ధతి జిల్లాలో ఎన్ని చోట్ల చేస్తారు చెప్పండి. స్వాబ్ మాత్రం ఒప్పుకుంటా. మేము చేస్తాం, పంపితే. పంపరు.

గోదారిగట్టు: అంటే ఆసుపత్రి తప్పే కదా?

ల్యాబ్‌మాష్టారు: అడగకపోవడం వాళ్ళ తప్పు. బ్యాక్టీరియా వాళ్ళది కాదు.

గోదారిగట్టు: నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

ల్యాబ్‌మాష్టారు: మీరు 52 గంటలు అన్నారు.

బిల్లుచూడు:
ఇంతకీ తొమ్మిది రోజులెందుకుంచారు? 2024లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 3,608 మంది మీద చూస్తే ఏడు రోజుల మందు పద్నాలుగు రోజులతో సమానంగా పనిచేసింది.

శిరీష_స్టాఫ్‌నర్స్:
ఏడు రోజులు మందుకి, తొమ్మిది రోజులు మంచానికి. బీపీ పడిపోయిన మనిషిని లెక్క ప్రకారం పంపేయరు.

మందులషాపు_బాబాయ్:
గోదారీ, ఫ్రిజ్ మీద డబ్బాలోవి ముందు పారేయ్. ఇంతకీ బయాప్సీ రిపోర్ట్ ఏమొచ్చింది? ఇంత చర్చలో ఆ మాట ఎవరమూ అడగలేదు.

గోదారిగట్టు:
ఇంకా తెచ్చుకోలేదు బాబాయ్. ఈ గొడవలో ఆ కౌంటర్ వైపే వెళ్ళలేదు. సోమవారం వెళ్తా.