శనివారం రాత్రి ప్యాకెట్లు ఆపేద్దామా? (బెజవాడ)

బ్యారేజి గాలి:
పదిహేను మందిమి కలిసి నడుపుకునే చిన్న సేవాసంస్థ మాది. శనివారం రాత్రిళ్లు పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి రైల్వే స్టేషన్ దాకా ఫుట్‌పాత్‌ మీద పడుకునేవాళ్లకి భోజనం పంచుతాం. మొన్న ఒక పెద్దాయన చెప్పులు కవర్లో చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పక్కన రెండు పులిహోర, ఒక పెరుగన్నం ప్యాకెట్లు, రబ్బరుబ్యాండు కూడా తియ్యలేదు. మాది నాలుగోది. "అక్కడెట్టు బాబూ, కుక్కలన్నా తింటాయి" అన్నాడు. మాలో సగం మంది ఈ పంపకం ఆపేసి ఆ డబ్బు వాళ్ల ఆధార్, పింఛను, ఆస్పత్రి పనులకి వాడదామంటున్నారు. మీరేమంటారు?

కృష్ణలంక కుర్రోడు:
ఆపొద్దన్నా. ఆకలికి ఆధార్ అడుగుతామా?

వన్‌టౌన్ బాబాయ్:
ఆపెయ్యండి. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే పూట గడుస్తోంది. మీరు పంచి వెళ్లాక తెల్లారి ఆ విస్తళ్లు, ఎంగిలి మెతుకులు ఊడ్చేది మున్సిపాలిటీ వాళ్లు. పుణ్యం మీకు, చీపురు వాళ్లకి.

కృష్ణలంక కుర్రోడు:
బాబాయ్ గారూ, లారీ దించి పదకొండింటికి వచ్చేవాడికి ఏ క్యాంటీన్ తెరిచి ఉంటుంది? పైగా ఆదివారం దానికి సెలవు.

రాత్రి డ్యూటీ:
నేను ఇల్లులేనివాళ్లు రాత్రి తలదాచుకునే ఒక షెల్టర్‌లో పనిచేశాను, పేరొద్దు. ముందు ఒక విషయం. ఫుట్‌పాత్‌ మీద ఉన్నవాళ్లంతా అడుక్కునేవాళ్లు కాదు. హమాలీలు, క్యాటరింగ్‌లో వడ్డనకి వెళ్లేవాళ్లు చాలామంది. పెళ్లిళ్ల సీజన్లో వాళ్లే మనకి స్వీట్లు తెచ్చిపెట్టేవాళ్లు! వాళ్లకి కావాల్సింది సంచీ దాచుకోడానికి తాళం ఉన్న పెట్టె, స్నానానికి నీళ్లు.

జనాభాలో లక్షకొకటి చొప్పున 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల్లోనే మన ఊరు పది లక్షలు దాటింది, అంటే పదికి తగ్గకూడదు. ఉన్నవాటికి కూడా జనం ఎందుకు రారో చెప్తాను. పూల మార్కెట్లో దండలు కట్టే ఒక మామ్మని మూడుసార్లు తీసుకొచ్చాం, మూడుసార్లూ వెళ్లిపోయింది. తెల్లవారుజామున మూడింటికి పనికెళ్లాలి, మా గేటు తాళం ఐదింటికి గానీ తియ్యరు. అది మా తప్పే, ఆమె మొండితనం కాదు. గేటు సంగతి తేల్చాక నాలుగోసారి వచ్చి ఉండిపోయింది. గుర్తింపు ఉన్న షెల్టర్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్టు ఆధార్‌కి చెల్లుతుంది కాబట్టి కార్డూ వచ్చింది. ఇప్పుడు పింఛను 4000. దానికి తిరిగిన తిరుగుడు మాత్రం అడక్కండి.

ఇంకోటి. మతిస్థిమితం లేనివాళ్లు కనిపిస్తే ప్యాకెట్ పెట్టి వచ్చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాళ్లని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యానికి చేర్చడం పోలీసుల బాధ్యత. స్టేషన్లో మీరు నిలబడి అడిగితేనే కదులుతుంది.

వన్‌టౌన్ బాబాయ్:
నేననేదీ అదేగా, కాగితాల పని చెయ్యండి.

రాత్రి డ్యూటీ:
సగమే ఒప్పుకుంటాను బాబాయ్. చేతిలో అన్నం లేకుండా వెళ్లి "మీ ఊరేది, కార్డుందా" అని అడిగితే పోలీసులనుకుని లేచి పారిపోతారు. ఆ మామ్మతో నాకు మాట కలిసింది ఇడ్లీ పొట్లం దగ్గరే. ప్యాకెట్ ఆపక్కర్లేదు, రోజు మార్చండి. శనివారం గుడి మొక్కులవాళ్లూ, పుట్టినరోజులవాళ్లూ అందరూ పంచేదే. క్యాంటీన్ మూసే ఆదివారం ఎవరూ రారు. యాభై ప్యాకెట్లు చాలు, ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చోండి.

బ్యారేజి గాలి:
ఆదివారమా! ఇంత చిన్న సంగతి మాకు తట్టనే లేదండీ. గ్రూపులో పెట్టాను. పదిహేను మందిలో ఆరుగురు సరే అన్నారు, మిగతావాళ్లకి సోమవారం పొద్దున్నే ఆఫీసట.

కృష్ణలంక కుర్రోడు:
ఏడో మనిషిని నేను. ఎన్నింటికి రావాలి అన్నా?