సమస్యాపూరణం: "కోతి కనులు మూసి గీతి వినెను"

నిర్వాహకుడు: మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తిచేయాలి.

కోతి కనులు మూసి గీతి వినెను

యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) ఏదని వెతకకండి, ఇక్కడ దాని బదులు రెండో అక్షరాలు కలిశాయి: కోతి–గీతి ప్రాసయతి. విషయం 1980ల నాటి జపాన్ టీవీ ప్రకటనలు. సరుకును పొగడకుండా ఒక దృశ్యాన్ని చూపించి ఊరుకునే ధైర్యం ఆ రోజుల్లో అక్కడ కొందరికి ఉండేది. 1986లో నిక్కా విస్కీ ప్రకటనలో ఒపేరా గాయని కాథ్లీన్ బాటిల్, పాశ్చాత్య సంగీతకర్త హేండెల్ స్వరపరచిన పాట పాడింది. ఆ మరుసటి ఏడే సోనీ వాక్‌మన్ (వెంట తీసుకెళ్ళే చిన్న క్యాసెట్ ప్లేయర్) ప్రకటన వచ్చింది. చోరోమత్సు అనే కోతి చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో వాక్‌మన్‌తో కళ్ళు మూసుకుని నిలబడి ఉంటుంది. చివర్లో "ధ్వని ఎదిగింది, మరి మనిషి?" అని అర్థం వచ్చే మాట ఒక్కటి. వాక్‌మన్ 1979 జూలై 1న అమ్మకానికి వచ్చింది. తన లోపలికి తాను వెళ్ళి పాట వినడమంటే ఏమిటో ఎనిమిదేళ్ళ తర్వాత ఆ కోతి మొహంలో కనబడింది. నేనైతే ఎన్నిసార్లు చూసినా కదిలిపోతాను.

ఏలూరు మాస్టారు:

కొలను నీట నిలిచి కూర్మితో చెవులందు
చిన్ని యంత్రరవము చేరుచుండ
తపసివోలె జగపు తలపు వీడి జపాను
కోతి కనులు మూసి గీతి వినెను

నిర్వాహకుడు: మాస్టారూ, "జపాను" అని మూడో పాదం చివర ఆపి, నాలుగో పాదంలో "కోతి" అందించిన తీరు ఎంతో బాగుంది. "తపసివోలె" అన్న పోలిక ఆ మొహం చూసినవాళ్ళకే తడుతుంది. "యంత్రరవము" మాత్రం కాస్త బరువు. రవమంటే మోత గుర్తొస్తుంది. ఆ కోతి విన్నది మోత కాదు.

యోకోహామా సోదరి: మాస్టారుగారూ, చిన్న మనవి. నాన్నగారి ఉద్యోగం వల్ల మేము అప్పుడు ఇక్కడే ఉన్నాం, ఆ ప్రకటన టీవీలో చూస్తూ పెరిగాను. కోతి నీళ్ళల్లో ఉండదండీ, ఒడ్డున నిలబడి ఉంటుంది. నీళ్ళు దాని వెనక ఉంటాయి. ఆ వెనక ఉన్న నీటి వల్లే అంత ప్రశాంతంగా అనిపిస్తుంది.

ఏలూరు మాస్టారు: అమ్మా, చూసినవారి మాటే ప్రమాణం. "కొలను చెంత నిలిచి" అని మారుస్తున్నాను, గణం కూడా చెడదు. రెండో పాదం "చిన్ని యంత్రగీతి" అందామంటే చివరి పాదంలో గీతి మళ్ళీ వస్తుంది. రాత్రికి ఆలోచిస్తాను.

వరంగల్ మిత్రుడు:

పార్థు రథముపైన పడగలో నిలుచుండి
శౌరి పలుకు తేనె జాలువార
యుద్ధరవము మఱచి యుల్లముప్పొంగగ
కోతి కనులు మూసి గీతి వినెను

నిర్వాహకుడు: కపిధ్వజం, అంటే అర్జునుడి జెండా మీది హనుమ! శౌ–జా యతి శుద్ధంగా ఉంది. జెండాకు "పడగ" అన్న పాత మాట చాలాకాలానికి విన్నాను. విషయం విధించకపోయి ఉంటే ఈ వారం మొదటి స్థానం మీదే. జపాన్ లేదు కాబట్టి పక్కన పెట్టక తప్పడం లేదు, మనసొప్పకపోయినా.

వరంగల్ మిత్రుడు: పక్కన పెట్టండి, పర్లేదన్నా. ఆ ప్రకటన చూడగానే నాకు మొదట తోచింది హనుమే. అదే రాశాను.

హైదరాబాద్ సోదరుడు (క్రమాలంకారంలో, అంటే ముందు ప్రశ్నలు, తర్వాత అదే వరుసలో జవాబులు):

నీటి చెంత నిలుచు నేస్తమ దెవ్వరు?
ఎట్లు నిలిచియుండె? నేమి చేసె?
వరుసతోడ బదులు వాక్మను చెప్పెను:
కోతి – కనులు మూసి – గీతి వినెను

నిర్వాహకుడు: మూడు ప్రశ్నలకు మూడు జవాబులు చక్కగా కుదిరాయి. "వాక్మను" భగణంలో (ఒక గురువు, రెండు లఘువులు) ఒదిగిపోయింది. కానీ తమ్ముడూ, ఇందులో నేర్పు కనబడుతోంది, ఆ కోతి కనబడటం లేదు. క్రమాలంకారంతో వచ్చే ఇబ్బందే అది.

యోకోహామా సోదరి: ఛందస్సు నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి.

అమ్మ పిలుచువేళ నన్నమ్ము చల్లారె
తెరను విడిచి యటకు తిరుగలేక
బొమ్మ కదలుచుండ చిన్న పెట్టియలోన
కోతి కనులు మూసి గీతి వినెను

ఏలూరు మాస్టారు: అమ్మా, మూడో పాదంలో బొ–చి యతి కుదరలేదు. "చిన్న" తీసి "బుజ్జి" పెట్టండి, సరిపోతుంది. రెండో పాదంలో "తిరుగలేక" అంటే ఎవరు తిరగలేక? వాక్యం ప్రకారం అన్నమే తిరగలేకపోయినట్టు వస్తుంది. "తిరుగనైతి" అంటే ఆ పిల్ల మీరేనని తెలుస్తుంది.

యోకోహామా సోదరి:

అమ్మ పిలుచువేళ నన్నమ్ము చల్లారె
తెరను విడిచి యటకు తిరుగనైతి
బొమ్మ కదలుచుండ బుజ్జి పెట్టియలోన
కోతి కనులు మూసి గీతి వినెను

నిర్వాహకుడు: మేమందరం కోతిని చూసి రాశాం. సోదరి ఒక్కరే ఆ కోతిని చూస్తున్న పిల్లను రాశారు. చల్లారిన అన్నం ఒక్కటి చాలు, 1987 సాయంత్రం మొత్తం వచ్చేసింది. ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ.

వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే:

పేరు లేని చెట్టు పేరు పొందె

ఆధారం: హిటాచీ కంపెనీ 1973 నుంచి చూపిస్తున్న ప్రకటన. హవాయిలో ఓహూ ద్వీపం మీద, మోఅనలువా తోటలో గొడుగులా పరుచుకున్న ఒక మహావృక్షం. ఇదేం చెట్టు, దీని పేరేమిటి అని పాట అడుగుతూనే ఉంటుంది.

వరంగల్ మిత్రుడు: అన్నా, ఇప్పుడే బొమ్మ చూశాను. అది మన నిద్రగన్నేరు! మా బడి ముందు రోడ్డుకు రెండు పక్కలా ఇవే ఉండేవి. సాయంత్రమైతే ఆకులు ముడుచుకునేవి.

నిర్వాహకుడు: అదే చెట్టు. ఇక పద్యంలో చెప్పండి.